రెండు బకెట్ల వేడినీళ్ళు

"ఆ స్విచ్చు దగ్గర్నుంచి జరుగు."

"జరగను."

మిషను వైరు భర్త చేతిలో ఉంది. స్విచ్చుబోర్డు భార్య వీపు వెనక ఉంది. ఇద్దరికీ మధ్య, హాలు నడిమధ్యలో, గరుకు కాగితం బిగించిన, చెక్క నేల గీకే అద్దె మిషను మొండికేసిన దున్నపోతులా కూర్చుంది. గోడ గడియారం పదింపావు. పదకొండుకల్లా అత్తగారు ఇంటికి వచ్చేస్తారు.

"అమ్మ వచ్చేలోగా ఒక్క చుట్టు గీకేస్తే చాలు, అంచులన్నీ సమానమైపోతాయి. పైన ఇంత మైనం రుద్దితే ఎవడూ పోల్చుకోలేడు. ఆలస్యం అమృతం విషం!"

"మేస్త్రీ బాబాయి వద్దన్నారు కదా. ఫోనులో మూడుసార్లు చెప్పారు. ఆయన వచ్చి చూసేదాకా మిషను ముట్టుకోవద్దన్నారు."

"ఆయనకేం, ఎన్నైనా అంటాడు. నేల కడిగింది ఎవరు? ఆయనా?"

ఆమె వీపును బోర్డుకు ఇంకా ఆనించింది. నాలుగు రోజులుగా ఈ ఇంట్లో ఏ మాట మొదలుపెట్టినా తిరిగి తిరిగి అక్కడికే వచ్చి ఆగుతోంది. కాఫీ చల్లారిపోయిందంటే అక్కడికి, చొక్కా గుండీ ఊడిందంటే అక్కడికి. నేల కడిగింది ఎవరు? తనే.

ఆమె పుట్టి పెరిగింది రాతి నేల మీద. ఆ ఇంట్లో ప్రేమంటే నీళ్ళు. ఎవరైనా వస్తున్నారంటే వాళ్ళమ్మ కొంగు బిగించి నాలుగు బకెట్లు కుమ్మరించేది. అందుకే, కంటి ఆపరేషనై పది రోజులు కూతురి దగ్గరుండి అత్తగారు ఇంటికి వస్తున్నారని తెలియగానే, కోడలు రెండు బకెట్ల వేడినీళ్ళు కాచి, రెండు మూతల సబ్బునీళ్ళు కలిపి, హాలంతా చేత్తో కడిగింది. సాయంత్రానికి నేల తళతళలాడింది. మర్నాటికి ఏదో తేడా కొట్టింది. మూడోనాటికి పలకల అంచులు పైకి లేచి, నడుములు కిందికి కుంగి, హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే కాలికి మెట్లు తగలడం మొదలైంది.

అది మామూలు చెక్క నేల కాదు మరి. పోయిన మామగారు ఇళ్ళకు చెక్క నేలలు వేసే వడ్రంగి. పద్నాలుగు ఇళ్ళలో పని ముగిశాక మిగిలిపోయిన పలకలను ఆ ఇంటివాళ్ళను అడిగి తెచ్చుకుని, పద్నాలుగేళ్ళపాటు దాచి, ఒకనాడు తన ఇంట్లో పరిచారు. ఒకటి తేనె రంగు, ఒకటి జేగురు, ఒకటి కాలిన రొట్టె అంచులా ఉంటుంది. ఏ పలక ఏ ఇంటిదో అత్తగారికి కంఠతా వచ్చు. ఇప్పటికే ఒకసారి చిత్రిక పట్టిన నేల. మేకు తలల మీద మిగిలిన చెక్క గోరు మందం. ఇంకోసారి గీకితే మేకులు బయటపడతాయి. అంటే ఆ నేల పని అయిపోయినట్టే.

ఆ సంగతి భర్తకు తెలియనిది కాదు. వడ్రంగి కొడుకే కదా! అయినా తొందర. చిన్నప్పుడు వాళ్ళమ్మ అతనికి పెట్టిన ముద్దుపేరు తొందరరావు. పెద్దయ్యాక ముద్దు పోయింది, తొందర మిగిలింది.

"జరుగుతావా, లేదా?"

"ఏమండీ, ఒక్క మాట. ఈ తొందర అత్తయ్య కోసమేనా?"

అతను చటుక్కున తల తిప్పుకున్నాడు. ఆమె అడిగింది మామూలుగానే. అతనెందుకు తడబడ్డాడో ఆమెకు అర్థం కాలేదు.

అంతలో వీధిలో కారు తలుపు పడిన చప్పుడు.

"అమ్మో, వచ్చేసింది!" అంటూ తొందరరావు మిషనును పడకగదిలోకి ఈడ్చాడు. మంచం మీది దుప్పట్లు, బాల్కనీలోని పాత తివాచీ, ఆఖరికి తువ్వాళ్ళు కూడా తెచ్చి హాలంతా పరిచేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, ఇతనైతే ఆకులకు బదులు దుప్పట్లు పట్టుకున్నాడు.

కూతురు తల్లిని గుమ్మం దాకా తెచ్చి, సంచీ అందించి, పనికి వేళవుతోందని అదే కారులో వెళ్ళిపోయింది. అత్తగారు, చూపింకా తేరుకోని కళ్ళకు నల్ల జోడుతో, గడప దగ్గర నిలబడి, అలవాటుగా చెప్పులు విడిచి, అలవాటుగానే చెయ్యి చాచారు. కోడలు ఆ చెయ్యి పట్టుకుంది.

"నీ చెయ్యి ఇంత చల్లగా ఉందేమే అమ్మాయ్?"

"ఏం లేదత్తయ్యా."

అత్తగారు లోపలికి అడుగుపెట్టారు. మెత్తగా తగిలింది. ఇంకో అడుగు. అదీ మెత్తగానే ఉంది.

"ఏరా తొందరరావూ, ఈ దుప్పట్లేంట్రా? ఇల్లు ఆరేశారా?"

"నీ కాళ్ళకి చల్లగా తగలకుండా అమ్మా."

"ఓహో! ఇన్నేళ్ళలో లేని చల్లదనం పది రోజుల్లో వచ్చిందన్నమాట." ఆవిడ ఆగి, గాలి పీల్చారు. "పైగా ముక్కిన వాసన. పోయిన నెల్లోనే అన్నాను, ఎవరూ వినిపించుకోలేదు." ఆ పైన కొడుకు ఉన్న వైపు తిరిగి, "పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. నువ్వు నా కళ్ళు మూసున్నాయని తాగుతున్నావట్రా?" అన్నారు.

అని, కాలి బొటనవేలితో తువ్వాలును పక్కకు తోశారు.

పాదం నేల మీద ఆనింది. మెల్లగా ముందుకు జరిగింది. ఆగింది. వెనక్కి వచ్చి, మళ్ళీ అదే చోట జరిగింది. దుకాణంలో బట్టను రెండు వేళ్ళ మధ్య నలిపి చూసే మనిషిలా ఆవిడ ఆ పలకను అరికాలితో చూశారు. ఆ పక్కది చూశారు. దాని పక్కది చూశారు.



"నేనే అత్తయ్యా." ఆ చెయ్యి వదలకుండానే అంది కోడలు. "నేనే కడిగాను."

"నీళ్ళు పోసి?"

"రెండు బకెట్లు."

"చన్నీళ్ళా, వేడినీళ్ళా?"

"వేడినీళ్ళు. సబ్బు కూడా వేశాను."

అత్తగారు తల ఊపారు. ఆ ఊపులో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండేదనిపించింది కోడలికి. ఆవిడ గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

 తొందరరావు కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తున్నాడు. ఈ నేలను తుడవడంలో ఈ ఇంటికి ఒకే ఒక సూత్రం ఉంది: గుడ్డ పిండితే చుక్క రాలకూడదు. పెళ్ళయిన రెండేళ్ళలో అత్తగారు ఆ మాట వందసార్లు అని ఉంటారు. కానీ ఒక్కసారైనా గుడ్డ కోడలి చేతికి ఇవ్వలేదు. కుర్చీ కాళ్ళకు పాత కంబళి ముక్కలు అంటించడం, వారానికోసారి పొడిగుడ్డతో దుమ్ము తీయడం, ఏడాదికి రెండుసార్లు మైనం పట్టించడం, అంతా ఆవిడే. పెద్దావిడ చాదస్తం అనుకుని కోడలు నవ్వుకునేది. ఇప్పుడా నవ్వు గుర్తొచ్చి ముఖం కాలింది.

ఇరవై నిమిషాలయ్యాక లోపలినుంచి పిలుపు వచ్చింది.

"అమ్మాయ్! ఇలా రా."

అత్తగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. నల్ల కళ్ళజోడు కింద చెంపలు తడిగా ఉన్నాయి.

"అత్తయ్యా, ఏడవకూడదన్నారు డాక్టరు గారు. కంటికి..."

"ఏడవలేదులే. కాస్త కారింది." ఆవిడ పక్కన చోటు చూపించారు. కోడలు కూర్చోలేదు. "కూర్చోమంటుంటే! ఉన్నమాట చెప్తాను విను. నాకు బాధగానే ఉంది. ఆయన పోయాక కూడా ఆ నేల మీద నడుస్తుంటే ఆయన పక్కగదిలోనే ఉన్నట్టుండేది. ఇందాక కాలు పెడితే ఎవరో పరాయివాళ్ళ ఇంట్లోకి వచ్చినట్టయింది. అందుకే లోపలికొచ్చేశాను. నిన్ను చూడలేక కాదు."

"నన్ను నాలుగు తిట్టండి అత్తయ్యా."

"తిడతాను, తొందరేముంది? నువ్వు కూడా తొందరరావు పెళ్ళానివనిపించుకోకు." ఆవిడ చెయ్యి తడుముకుంటూ వచ్చి కోడలి మోచేతిని పట్టుకుంది. "మొన్నటి ఎండాకాలం నేను మైనం రాస్తే ఎడంవైపు మూడు వరసలు మసగ్గా ఉండిపోయాయి, గుర్తుందా? నా కొడుకు చూడలేదు. నా కూతురు చూడలేదు. నేనైతే చూడలేకే కదా అలా రాశాను! కళ్ళజోళ్ళ కొట్లో పని చేసే నా కోడలు చూసింది. నేల వంక చూసి నా కంట్లో శుక్లం ముదిరిందని కనిపెట్టింది. సెలవు పెట్టి ఆస్పత్రికి లాక్కెళ్ళింది. అవునా, కాదా?"

కోడలు తల దించుకుంది.

"డాక్టరేమన్నాడు? ఇంకో ఆరు నెలలు ఆగుంటే ఇంత బాగా వచ్చేది కాదన్నాడా లేదా? పలకలు పోతే పలకలు తేవచ్చు. రేపు ఈ జోడు తీశాక నీ మొహం సరిగ్గా చూస్తాను. పెళ్ళినాటి నుంచీ నువ్వు నాకు కాస్త మబ్బుగానే కనబడుతున్నావు తెలుసా?"

ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చి కోడలికి పొలమారింది.

"పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?"

"లేదు."

"నిన్న?"

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"బాగుంది! నేలకి తడెక్కువైంది, నీకు తక్కువైంది. తప్పు చేసినవాళ్ళని కడుపు మాడ్చి విచారించకూడదమ్మాయ్. అలా అడిగితే నిజం కూడా నీరసంగా వస్తుంది. ముందు అన్నం తిను. ఆ తరవాత తిడతాను."

కోడలు వంటింట్లోకి వెళ్ళి, గట్టు దగ్గరే నిలబడి, గబగబా తింది. ప్రతి ముద్దకూ కళ్ళు నిండాయి. తన తల్లి ఇంత మాట అనేదా అని ఆలోచించింది. అనేదేమో గానీ ముందు రెండు తగిలించేది.

"మీరూ రండి" అని భర్తను పిలిచింది.

"ఆకలి లేదు" అన్నాడతను కిటికీ దగ్గర్నుంచే.

రెండున్నరకు మేస్త్రీ బాబాయి వచ్చాడు. మామగారితో ముప్ఫై ఏళ్ళు కలిసి పని చేసిన మనిషి. మోకాళ్ళు పట్టేసి పని మానేసినా, చెక్క మాట వినబడితే మోకాళ్ళే ఆయన్ని మోసుకొస్తాయి. గుమ్మంలోనే చెప్పులు విడిచి, దుప్పట్లన్నీ ఎత్తించి, నేల మీద బోర్లా పడుకుని, చెంప ఆనించి వెలుతురుకు ఎదురుగా చూశాడు.

"మిషను ముట్టుకోలేదు కదా?"

"లేదు బాబాయిగారూ."

"బతికించావు తల్లీ. అంచులు లేచి ఉన్నప్పుడు గీకితే అంచులు పోతాయి. రేపు చెక్క ఆరి తన చోటికి తాను వస్తుంది చూడు, అప్పుడు నడుములు పైకి లేస్తాయి. ఇక దాన్ని దేవుడు కూడా సరిచెయ్యలేడు. చెక్కకి నిదానమే మందు." ఆయన జేబులోంచి చెక్కలో తడి కొలిచే, సబ్బుబిళ్ళంత మీటరు తీశాడు. దాని ముందు రెండు సూదులున్నాయి. హాలు మధ్య పలకకు గుచ్చాడు. "పద్నాలుగు. పది ఉండాలి. ఫరవాలేదు, పైతడి. కిటికీలు తెరిచి, పంకా దూరంగా పెట్టి, దాని మానాన దాన్ని వదిలేస్తే ఆరు వారాల్లో దిగిపోతుంది. హీటరు మాత్రం పెట్టకండి, పగుళ్ళిస్తుంది."

కోడలు రెండు చేతులూ జోడించింది. ఎవరికో తెలియదు. మేస్త్రీకా, చెక్కకా, పైనున్న మామగారికా? 

"చూశావా, దిగిపోతుందట!" హాల్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్న అత్తగారు గట్టిగా అన్నారు, గెలిచినట్టు.

మేస్త్రీ మాత్రం లేవలేదు. వరస వెంట వరస గుచ్చుకుంటూ వంటింటి గోడవైపు పాకాడు. పద్నాలుగు. పదిహేను. పంతొమ్మిది. ఆయన కనుబొమలు దగ్గరపడ్డాయి. గోడకు ఆనించి గిన్నెల అలమర ఉంది. దాని కాలి పక్కన గుచ్చాడు.

"ఇరవై ఎనిమిది."

"అంటే?" అత్తగారు అడిగారు.

"అమ్మాయ్, ఈ అలమర జరిపి కడిగావా?"

"లేదండీ. జరపబోతే ఆయన వద్దన్నారు, నేల గీరుకుపోతుందని. దాని దాకా కడిగి ఆపేశాను."

"నీళ్ళు పోసినచోట పద్నాలుగు, పోయనిచోట ఇరవై ఎనిమిదీనా? ఇదెక్కడి లెక్క? ఒక చెయ్యి వెయ్యి బాబూ."

తొందరరావు కదలలేదు. కోడలే వెళ్ళి ఒక పక్క పట్టింది. కంబళి ముక్కల మీద అలమర నెమ్మదిగా జరిగింది.

కింద ఐదు పలకలు నల్లగా ఉన్నాయి. ముక్కిన వాసన గుప్పుమంది. గోడ అడుగున సున్నం ఉబ్బి, దాని మీద ఎవరో పూసిన తెల్లటి లప్పం మరకలా కనబడుతోంది.

"వారం రోజుల తడికి చెక్క ఉబ్బుతుంది, నల్లబడదు." మేస్త్రీ వేలితో పలకను నొక్కితే వేలు దిగింది. "ఇది రెండు నెలల తడి. గోడలో నీళ్ళ గొట్టానికి చిల్లు పడింది. అవతల వంటింట్లో ఏమైనా బిగించారా? స్క్రూ గొట్టంలోకి దిగుంటే ఇలాగే చుక్కచుక్కగా కారుతుంది. ముందెళ్ళి నీళ్ళు కట్టేసి వస్తాను." లేవబోతూ ఆగి, కోడలివైపు చూసి నవ్వాడు. "నువ్వు కడిగి ఉండకపోతే నన్ను పిలిచేవాళ్ళు కాదు తల్లీ. ఏడాది తిరిగేసరికి ఈ నేల కిందనుంచి మొత్తం కుళ్ళిపోయేది. నీ రెండు బకెట్లే దీన్ని కాపాడాయి."

ఆయన వంటింట్లోకి వెళ్ళాడు. ఆ మాటలకు సంతోషించే స్థితిలో కోడలు లేదు. ఆమెకు ఒక మధ్యాహ్నం కళ్ళముందుకొచ్చింది.

రెండు నెలల కిందట, అత్తగారిని మొదటిసారి కంటి పరీక్షకు తీసుకెళ్ళిన రోజు. తిరిగొచ్చేసరికి వంటింటి గోడకు కొత్త అర బిగించి ఉంది. డబ్బాలు పెట్టుకోవడానికి ఆమె ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్న అర. ఎంత సంబరపడిందో! అదే రోజు గిన్నెల అలమర కూడా ఈ గోడకు వచ్చింది. "ఇక్కడైతే నిండుగా ఉంటుంది" అన్నాడతను. చేతివేళ్ళకు తెల్లటి లప్పం అంటుకుని ఉంటే ఆమే తన కొంగుతో తుడిచింది.

అందుకా ఈ తొందర? అలమర ఎవరూ కదపకముందే గీకేసి, మైనం రాసేసి, అంతా రెండు బకెట్ల మీదికి నెట్టేయడానికా? నాలుగు రోజులు! నాలుగు రోజులు ఆమె తిండి తినలేదు, కంటినిండా నిద్రపోలేదు. అతను చూస్తూనే ఉన్నాడు.

ఆమె భర్త వైపు చూసింది. అతను తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు. మిషను వైరు పడకగదిలోంచి ఎప్పుడు లాగాడో, మళ్ళీ అతని చేతిలో ఉంది.

"అమ్మాయ్." కుర్చీలోంచి అత్తగారి గొంతు. నెమ్మదిగా, స్పష్టంగా ఉంది. "ఆ అలమర కిటికీ పక్కన ఉండేది కదా. ఇక్కడికి ఎవరు జరిపారు?"

జవాబు ఆమె నాలుక చివరే ఉంది. ఒక్క మాట చాలు. నాలుగు రోజులుగా తన మీద పడిన ప్రశ్నను అలాగే తిప్పి అతని మీదికి విసిరేయవచ్చు. విసరాలనే ఉంది. ఒళ్ళంతా మండిపోతోంది.

కానీ పొద్దుటి గది గుర్తొచ్చింది. తప్పు లేదని తెలిశాక ఎవరైనా దగ్గరకు తీసుకుంటారు. అదేం గొప్ప? తప్పు తనదేనని అందరూ నమ్మినప్పుడు, మామగారి నేల ఆవిడ పాదం కింద పాడైపోయి ఉన్నప్పుడు, ఆవిడ పక్కన చోటు చూపించారు. ఆ రుణం ఈ జన్మలో తీరేది కాదు. తీర్చడం ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం ఆమెకు తెలిసింది.

"అత్తయ్యా," అంది కోడలు.  "ఆయన పొద్దున్నుంచి ఏమీ తినలేదు."

వంటింట్లో మేస్త్రీ కొళాయి కట్టేసిన చప్పుడైంది. 

 అత్తగారు నల్ల కళ్ళజోడును కొడుకు నిలబడ్డ వైపు తిప్పి, పక్కన ఉన్న కుర్చీని కొంచెం ముందుకు జరిపారు. కాళ్ళకు కంబళి ముక్కలుండటం వల్ల అది చప్పుడు చెయ్యలేదు.

"రారా," అన్నారు. "కూర్చో."

వైరు నేల మీద పడింది. తొందరరావు అప్పటికే గుమ్మం దగ్గర ఉన్నాడు. ఒక కాలు చెప్పులో ఉంది, చెయ్యి వీధి తలుపు గడియ మీద ఉంది. రెండో కాలు మాత్రం ఇంకా వాళ్ళ నాన్న వేసిన పలక మీదే ఉంది.